అంటీ అంటనట్టు

మావగారి చెవులు రెండూ ఉన్నచోటే ఉన్నాయి గానీ, మాటలే వాటి దాకా వచ్చేసరికి వేషం మార్చుకుంటాయి. ఆదివారం సాయంత్రం కొడుకు పక్కన కూర్చుని, "నాన్నా, రేపట్నించి దీనికి పారాలీగల్ ట్రైనింగు ఆఖరి వారం. వేణ్ణీళ్ళు మీరే పెట్టుకోవాలి" అని గొంతు చించుకున్నాడు. ఆఖరి, వారం, వేణ్ణీళ్ళు ఆయనకి శుభ్రంగా వినిపించాయి. ముందున్న ముక్క మాత్రం పెరాలిసిస్ అయి కూర్చుంది. తెల్లారేసరికి వాటావాటాకీ కబురు వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్న కోడలు స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తూ ఉండగా, పక్కవాటా ఆవిడ నూనె సీసాతో, పైవాటా ఆవిడ కళ్ళ నిండా నీళ్ళతో లోపలికొచ్చారు.

"ఏ పక్కమ్మా?" అంది నూనె సీసా ఆవిడ.

"ఏది?"

"అదే, పడిపోయింది."

కోడలు చేతిలో గుడ్డ చూసుకుంది, నేల చూసింది. "ఏం పడలేదే!"

పైవాటా ఆవిడ మంచం చూసింది, ఖాళీ. స్టూలు చూసింది, మనిషి. "అయ్యో, ఎవరన్నా పట్టుకోండే! నిలబడిపోయింది!" అని కేక పెట్టింది.

ఆ కేకకి భర్త సబ్బు నురగతో బయటికొచ్చి, సంగతి తెలిసి, నవ్వలేక నురగ మింగాడు. అతను లిఫ్టు మెకానిక్కు. జనాన్ని పైకి పంపించడం వృత్తి కాబట్టి ఓపికెక్కువ. "పారాలీగలండీ. రోగం కాదు, కోర్సు. డిగ్రీ అయ్యాక చేసే సర్టిఫికెట్టు. ప్లీడరు ఆఫీసులో ఉద్యోగం ఇస్తారు."

"అయితే ప్లీడరవుతుందా?"

"ప్లీడరు కాదు."

"గుమాస్తానా?"

"గుమాస్తా కంటే కాస్త పైన, ప్లీడరు కంటే బాగా కింద."

మావగారు ఈసారి అంతా విన్నారు. "అంటే సగం పనిచేసేదేగా! నేను చెప్పిందీ అదేగా!" అన్నారు.

అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది. నూనె సీసా మాత్రం వెనక్కి వెళ్ళలేదు. "ఉండనీలే, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది" అని గూట్లో పెట్టి వెళ్ళిందావిడ.

ఆఫీసులో కోడలి పేరు పారా. ఆ పేరు పెట్టింది గుమాస్తా. మనిషి సన్నం, మాట లావు. "లా లోపల చల్లగా కూర్చుంటుందమ్మా, పారా బయట కాపలా కాస్తుంది" అనేవాడు. ఏ మాట దొరికినా రెండు చేసి వాడటం ఆయనకి అలవాటు. వాయిదా పడితే "వాయిదే మన వాయిద్యం" అనేవాడు. క్లయింటు ఏడిస్తే "ఊరుకోండి, కేసు మీది, కేకలు మావి" అనేవాడు. ఆ ఆఫీసులో నవ్వే మనిషి ఆయనొక్కడే కాబట్టి కోడలికి ఆయనంటే ఇష్టం.

ప్లీడరుగారు నవ్వరు, కోప్పడరు. గొంతు పెంచకుండా మాట్లాడతారు. ఆఖరి వారం మొదలైందని తెలిసి ఆయన తన గదిలోంచి బయటికొచ్చి, కిటికీ పక్కన మూలనున్న బల్ల మీద వేలు పెట్టారు. దాని మీద పాత ఫైళ్ళు ఒరిగి ఉన్నాయి. "శుక్రవారం నీ ట్రైనింగు కాగితం మీద సంతకం పెడతాను. సోమవారం నుంచి ఇది నీది" అన్నారు.

ఆయన లోపలికి వెళ్ళాక కోడలు ఆ ఫైళ్ళు దించి, తడిగుడ్డతో బల్ల తుడిచింది. ఒక సొరుగు తెరుచుకుంది, ఒకటి తెరుచుకోలేదు. తెరుచుకున్న సొరుగులో తన పెన్ను పెట్టి, మూసి, మళ్ళీ తెరిచి చూసింది. ఇన్నేళ్ళుగా జిరాక్సు కొట్లో నిలబడి పనిచేసిన మనిషి. కూర్చుని చేసే పని ఎలా ఉంటుందో ఆ బల్ల ముందు ఒక్క నిమిషం కూర్చుని చూసింది.

"చాలు చాలు, కుర్చీ వేడెక్కితే సార్‌కి కరెంటు బిల్లు" అన్నాడు గుమాస్తా. "పద. తలుపుల పని ఉంది."

మార్కెట్టు వెనక సందులో పాత మేడ. ఎనిమిది గదులు, ఎనిమిది కుటుంబాలు. ఓనరుకి మేడ పడగొట్టి కొత్తది లేపాలని ఉంది. ఖాళీ చేయించమని కోర్టులో కేసు వేశాడు. గురువారం విచారణ. ఆ లోగా ఎనిమిది మందికీ నోటీసు అందాలి. మనిషి దొరక్కపోతే తలుపుకి అంటించి ఫోటో తియ్యొచ్చు. ఇది కోడలు సాయంత్రం క్లాసులో చదువుకున్నదే.

చదువుకోనిది గుమాస్తా నేర్పాడు. అందరూ పనులకి పోయే వేళ చూసుకుని మెట్లెక్కాడు. సంచీలోంచి ఎనిమిది పేర్లూ ఉన్న కాగితం తీశాడు. ఒకటే కాగితం.

"చూడు పారా. టేపు పైన రెండు ముక్కలు చాలు, కింద అక్కర్లేదు. ముక్క కొస లోపలికి మడిచి, ఇలా చెవిలాగా వదలాలి. నొక్కకూడదు. అంటీ అంటనట్టు అంటించాలి. ఫోటోలో తలుపు నంబరు పడాలి, మన నీడ పడకూడదు." కాగితం అంటించాడు, వెనక్కి జరిగాడు, ఫోటో తీశాడు. తర్వాత టేపు చెవి పట్టుకుని లాగాడు. చప్పుడు లేకుండా కాగితం మళ్ళీ చేతిలోకి వచ్చేసింది. పక్క తలుపు దగ్గరికి నడిచాడు.

కోడలు ఖాళీ తలుపు చూసింది. "తీసేశారేంటండీ?"

"వదిలేస్తే పిల్లలు పడవలు చేసుకుంటారు, కోర్టు కాగితం మురుక్కాలవలో తేలుతుంది. బావుంటుందా? పోస్టులో ఎలాగూ వెళ్తుందమ్మా. ఇది ఉత్త ఫోటో కోసం." టేపు చుట్ట ఆమె చేతికిచ్చాడు. "మిగతావి నువ్వు కానీ. చెయ్యి తిరగాలి."

క్లాసులో మేడమ్ ఒక మాట చెప్పింది: నోటీసంటే కాగితం కాదు, తెలియడం. ఆ మాట కోడలికి గుర్తొచ్చింది. పోస్టులో వెళ్తుందిగా అనుకుని పక్కన పెట్టేసింది. మొదట్లో టేపు వేళ్ళకి అంటుకుని పేచీ పెట్టింది. ఆఖరికి గుమాస్తా కంటే నీటుగా చేసింది. కొత్తగా ఆకుపచ్చ రంగు వేసిన ఒక్క తలుపు దగ్గర మాత్రం చెవి మడవడం మరిచిపోయి గట్టిగా లాగాల్సొచ్చింది. టేపుతో పాటు కొంచెం రంగూ ఊడొచ్చింది. ఎవరూ చూడలేదు.

మంగళవారం అఫిడవిట్టు టైపు చేసింది తనే. ఎనిమిది తలుపులకీ నోటీసు అంటించడమైనది, అంటించి వదిలి రావడమైనది, ఇందులో రాసినది నా ఎరుకలో నిజం. నోటరీ గారు కోర్టు మెట్ల పక్కన గొడుగు కింద కూర్చుంటారు. చదివావా అని అడగలేదు, నిజమేనా అని అడగలేదు. స్టాంపు మీద ఊదారు, కొట్టారు. కోడలు సంతకానికి వంగింది. 'వదిలి' అన్న చోట చూపు ఒక్క క్షణం ఆగింది. వెనక క్యూలో ఎవరో దగ్గారు. సంతకం పెట్టేసింది.

బుధవారం మధ్యాహ్నం గుమాస్తా చీటీ ఇచ్చి పంపించాడు. "సార్ కోట్లు తీసుకురా. కంగారుపడకు, రూపాయల కోట్లు కావు. కోర్టులోంచి ఒక్క రకారం ఊడదీస్తే మిగిలేవి."

చీటీలో ఉన్న సందు మార్కెట్టు వెనక సందే. మేడ మెట్ల కింద ఇస్త్రీ బల్ల వేసుకుని ఒకావిడ నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. ఎడమ అరచేయి తెరిచి పెట్టె అడుగున ఆనీ ఆనకుండా చూసి, సెగ చాలక పక్కన పెట్టి, ఈలోగా కోటు భుజం కింద చుట్ట చుట్టిన తువ్వాలు దూర్చింది. నల్ల బట్ట మీద తడిగుడ్డ పరిచి పెట్టె నొక్కింది. పొగలాగా ఆవిరి లేచింది.

"ప్లీడరు కోట్లకేనా? కూర్చో. నల్లబట్ట మీద పెట్టె నేరుగా పెడితే మెరుస్తుందమ్మా. మెరిసిందంటే సార్ ఊరుకోరు. కొత్తమ్మాయివా?"

"ట్రైనింగండీ."

"బాగా చదువుకో. మా మనవరాలికి చెప్తుంటా. చదువుకుంటే కూర్చుని తినొచ్చు, లేకపోతే నాలా నిలబడి మాడ్చుకోవాలి అని. అది ఏమందో తెలుసా? నువ్వు నిలబడితేనే వాళ్ళ బట్టలు నిలబడతాయి మామ్మా అంది!" నవ్వుతూ తడిగుడ్డ తిరగేసింది. ఉన్నట్టుండి మొహం చిన్నబుచ్చుకుంది. "మొన్నెవడో పైన నా తలుపు రంగు పీకేశాడమ్మా. ఇంతమేర. ఓనరు వెయ్యడని నేనే వేసుకున్నా, కుర్చీ ఎక్కి. పచ్చరంగు. ఇక్కడ కింద నిలబడితే కూడా పైకి కనపడుతుందని. ఎవడికేం చేశానో."

కోడలు పైకి చూడలేదు. "పోస్టులో ఏమైనా వచ్చిందా మీకు?" అంది.

"నాకు పోస్టా? నాకెవరు రాస్తారు!"

కోట్లు హ్యాంగరుకి తగిలించి ఇచ్చిందావిడ. కోడలు వాటిని ఎత్తి పట్టుకుని ఆఫీసు దాకా నడిచింది, నేలకి తగలకుండా. రెండు చేతులూ లాగేశాయి.

"గుమాస్తా గారూ, నోటీసులు పోస్టులో వెళ్ళాయా?"

"నిన్ననే అందాయి కూడా."

"ఎవరికి?"

ఆయన ఫైలు తాడు ముడి వేస్తూ, "కేరాఫ్ ఓనరుగారు. ఎనిమిది కవర్లూ ఆయన ఇంటికే. ఆయనే సంతకం పెట్టి అందుకున్నాడు" అన్నాడు. తర్వాత అలవాటు కొద్దీ, "కేరాఫ్ అంటేనే కేర్ ఆఫ్ అమ్మా. ఆన్‌లో ఉంటే మనకే తలనొప్పి" అన్నాడు.

కోడలికి నవ్వు రాలేదు. ఆయనకి అది కనిపించింది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు. "వాళ్ళు వస్తే కేసవుతుంది. రాకపోతే ఒక్క పూటలో ఆర్డరవుతుంది. ఎవరూ రాలేదు, ఆర్డరిచ్చేయండి అనొచ్చు. ప్రతి ఆఫీసులో ఇంతే. నేను ఇరవై రెండేళ్ళ వాడిగా వచ్చినప్పుడు నాకు నేర్పినాయన కూడా ఇంతే. రేపు ఆ బల్ల దగ్గర కూర్చుని నువ్వూ ఇంకొకరికి నేర్పుతావు."

ఆయన బెదిరించలేదు. నిజంగా మంచి చెప్తున్న మొహమే అది. కోడలు తుడిచిన బల్ల వైపు చూసింది. ఎవరో దాని మీద మళ్ళీ ఒక ఫైలు పెట్టారు. లేచి, ఆ ఫైలు తీసి, బీరువాలో పెట్టి వచ్చింది.

ఆఫీసు వదిలాక నేరుగా ఇంటికి వెళ్ళకుండా ఆ సందులోకే తిరిగింది. ఇస్త్రీ బల్ల మడిచి గోడకి ఆనించి ఉంది. మెట్లెక్కి పచ్చ తలుపు తట్టింది.

"కోటు ఏదైనా మరిచిపోయావా?" అంది ఇస్త్రీ ఆవిడ, చేతులు తుడుచుకుంటూ.

"రేపు పొద్దున్న కోర్టుకి రావాలండీ మీరు. మూడో హాలు."

"నాకు కోర్టుతో ఏం పనమ్మా? నా పని కోట్లతో."

కోడలు చెప్పింది. మేడ పడగొట్టడం, కేసు, రేపటి ఆర్డరు. ఆవిడ గుమ్మం పట్టుకుని విన్నది, మధ్యలో ఒక్కసారి లోపలికి తిరిగి స్టవ్ ఆపి వచ్చింది. "ఎవరూ ఏం చెప్పలేదే. కాగితం ఏదీ?"

"అంటించానండీ. ఫోటో తీసి పీకేశాను."

"ఎవరు?"

"నేనే."

ఆవిడ తలుపు మీద రంగు ఊడిన చోట వేలు పెట్టింది. "ఇది పీకింది నువ్వా?" అంది. ఇల్లు పోతుందన్నప్పుడు రాని కోపం అప్పుడొచ్చింది. "నా బల్ల దగ్గర కూర్చున్నావే! నేను చెప్తుంటే విన్నావే! నోట్లో ఏం పెట్టుకున్నావమ్మా?"

కోడలు నిలబడి తిట్లు తిన్నది. పక్క తలుపులు తెరుచుకున్నాయి. పెయింటు పనివాడు, అతని భార్య, మార్కెట్టులో బస్తాలు మోసే అన్నదమ్ములు. రేపు రాగలరా అంటే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పని మానేస్తే పని పోతుంది. "ప్లీడరు మనిషే వచ్చి ప్లీడరు మీద చెప్తుంటే ఎలా నమ్ముతాం? ఇందులో ఏం మెలిక ఉందో" అన్నాడు పెయింటు పనివాడు. కోడలు హాలు నంబరు మళ్ళీ ఒకసారి చెప్పి మెట్లు దిగింది.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. "రేపు నువ్వు నోరు విప్పకపోయినా ఆవిడ వస్తుందిగా. జడ్జిగారు చూసుకుంటారు. లిఫ్టు లెక్కన నువ్వు మూడంతస్తులెక్కావు, ఇంకొక్కటే ఉంది" అన్నాడతను.

"తాడు ఎలా ఉందో చూసుకోకుండా ఎక్కించేస్తావా నువ్వు?"

వాళ్ళిద్దరూ ఏదో పోట్లాడుకుంటున్నారని మాత్రం మావగారికి అర్థమైంది. "డాక్టరేమన్నాడు?" అన్నారు పక్కగదిలోంచి.

గురువారం మూడో హాల్లో ఉక్క. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి ప్లీడర్ల దాకానే వస్తుంది. ప్లీడరుగారి కోటు భుజాల దగ్గర కత్తిలా నిలబడింది. దాన్ని నిలబెట్టినావిడ వెనక బెంచీ చివర కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది. మిగతా ఏడు తలుపుల నుంచి ఎవరూ రాలేదు.

కేసు పిలిచారు. ప్లీడరుగారు లేచి, "ప్రతివాదులందరికీ నోటీసు అందింది. ఎవరూ హాజరు కాలేదు" అన్నారు.

"నేనొచ్చానండీ!" అంది వెనకనుంచి ఇస్త్రీ ఆవిడ. ఎప్పుడు లేవాలో తెలియక అప్పటికే రెండుసార్లు లేచి కూర్చుంది. "నాకు కాగితం రాలేదండీ. అంటించి పీకేశారట. రంగు కూడా ఊడింది."

హాల్లో కాస్త నవ్వు. జడ్జిగారు నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని ఫోటోలు చూశారు, అఫిడవిట్టు చూశారు. "సంతకం ఎవరిది?"

కోడలు లేచింది. గుమాస్తా వంగి ప్లీడరుగారి చెవిలో ఏదో చెప్పాడు. ప్లీడరుగారు తల ఊపి, ఎప్పటిలాగే గొంతు పెంచకుండా మొదలుపెట్టారు.

"మా ట్రైనీ అండీ. కొత్తమ్మాయి, కష్టపడుతుంది. పక్క మేడలో గడువైపోయిన పాత నోటీసులు తీసెయ్యమని మా గుమాస్తా చెప్పాడు. రెండు పనులూ ఒకే రోజు పడేసరికి తికమకపడి, ఈవిడ తలుపు మీదది కూడా తీసేసినట్టుంది. పొరపాటే. ఈవిడ ఒక్కరికీ మళ్ళీ నోటీసు ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు. మిగతా ఏడుగురి మీద ఆర్డరు ఇప్పించండి." ఆమె వైపు తిరిగారు. ఆ మొహంలో కోపం లేదు, దయ ఉంది. ఆఫీసులో బల్ల ఇంకా అక్కడే ఉంది, సొరుగులో పెన్నూ ఉంది.

"అంతేనామ్మా? పొరపాటా?" అన్నారు జడ్జిగారు.

ఔనంటే అయిపోతుంది. ఇస్త్రీ ఆవిడకి గడువు దొరుకుతుంది. రేపు సంతకం పడుతుంది. ఏడు తలుపులవాళ్ళు ఏ బస్తాల కిందో, ఏ నిచ్చెన మీదో ఉన్నారు. వాళ్ళకి ఇక్కడ జరిగేది ఎప్పటికీ తెలియదు, సామాను వీధిలో పడేదాకా.

"కాదండి" అంది కోడలు. మళ్ళీ చెప్పింది. "పొరపాటు కాదండి. పక్క మేడకి నేను వెళ్ళనే లేదు. ఎనిమిది తలుపులకీ అంటించింది ఒకటే కాగితం. అంటించి, ఫోటో తీసి, పీకి, పక్క తలుపుకి. ఒక్కచోట కూడా వదల్లేదు. టేపు పైన రెండు ముక్కలు పెట్టాలండి, కొస మడవాలి. పోస్టు కవర్లు ఓనరుగారింటికి వెళ్ళాయి. వదిలి వచ్చానని రాసింది అబద్ధం." చేతులు వాటంతటవే గాలిలో టేపు మడిచి చూపించాయి.

హాల్లో నవ్వు లేదు. వరసగా కూర్చున్న వేరే ఆఫీసుల గుమాస్తాలు ఎవరి ఫైళ్ళు వాళ్ళు చూసుకుంటున్నారు. ఒకాయన తన ఫైల్లోంచి బయటికొచ్చిన ఫోటో మూల ఒకటి లోపలికి తోశాడు.

"ఇది నాకు తెలియదండీ" అన్నారు ప్లీడరుగారు. అర అడుగు పక్కకి జరిగారు, గుమాస్తాకి దూరంగా. గుమాస్తా నోరు తెరిచాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయనకి మాట దొరకలేదు.

"ఎవరు నేర్పారు?" అన్నారు జడ్జిగారు.

కోడలు గుమాస్తా మొహం చూసింది. ఆయనకి ఇక ఎక్కడా పని దొరకదు. ప్లీడరుగారికి ఇంకో గుమాస్తా దొరుకుతాడు. "ఆఫీసులో అలాగే చేస్తారండి. ప్రమాణం చేసి సంతకం పెట్టింది మాత్రం నేనే."

జడ్జిగారు రాయించారు. ఎనిమిది మందికీ కోర్టు మనిషే వెళ్ళి, చేతికి నోటీసు ఇచ్చి రావాలి. ఓనరు, ఆఫీసు సంజాయిషీ ఇవ్వాలి. అబద్ధపు అఫిడవిట్టు మీద ఈ ట్రైనీపై చర్య ఎందుకు తీసుకోకూడదో ఆమె వారంలో చెప్పాలి. బెంచి గుమాస్తా ఆఖరి ముక్క అక్కడికక్కడే టైపు కొట్టి, స్టాంపు వేసి, కోడలి చేతిలో పెట్టాడు. "అందినట్టు ఇక్కడ సంతకం పెట్టమ్మా."

ఆమె నిలబడే మొత్తం చదివింది. చదివాక సంతకం పెట్టింది.

వరండాలో ఇస్త్రీ ఆవిడ ఎదురొచ్చింది. "ఇంగ్లీషో తెలుగో, నాకొక్క ముక్క అర్థం కాలేదు. ఉంటున్నామా, పోతున్నామా?"

పక్క కేసులవాళ్ళు కూడా చెవులు రిక్కించారు. సంచులు మోసుకుంటూ వాయిదాల కోసం కూర్చున్న జనం. ఒక ముసలాయన, "మా తలుపుకి కూడా ఏదీ అంటించలేదమ్మా, ఏదో సంగతి చెప్తున్నావు, గట్టిగా చెప్పు" అన్నాడు. కోడలు గోడకి ఆనుకుని, అందరికీ వినపడేలా మొదట్నించీ చెప్పింది. అంటించడం, ఫోటో, పీకడం, కేరాఫ్. ఎందుకు అలా చేస్తారో, రాకపోతే ఏమవుతుందో. ఇస్త్రీ ఆవిడకి విడిగా చెప్పింది. "ఆర్డరు ఇవాళ ఇవ్వలేదు. కాగితం చేతికొస్తుంది. అప్పుడు అందరూ కలిసి రావాలి. వచ్చినా ఇల్లు నిలుస్తుందని చెప్పలేనండీ."

"మరి నీ చేతిలో ఉన్నదేంటి?"

"ఇది నాకండీ. నా మీద నోటీసు."

ఆవిడ ఆ కాగితం రెండు వేళ్ళతో పట్టుకుని, వెలుతురుకి తిప్పి, అటూ ఇటూ చూసింది. "దీన్నెవరూ పీకెయ్యలేదే" అంది.

"లేదండీ" అంది కోడలు. "చేతికే ఇచ్చారు."